గోడలు ఆరినంక ఎవరొస్తరు?

(మలేరియా సూపర్‌వైజర్ దేవన్న పదవీ విరమణ సందర్భంగా 2013 ఆగస్టు నెలాఖరున ఎల్లారెడ్డిలో జరిగిన సభలో కామారెడ్డి విలేకరి బాలమల్లు చేసిన ప్రసంగం)

సభకు అధ్యక్షత వహిస్తున్న ఆరోగ్య కేంద్రం డాక్టర్ త్రివేణి గారికి, వేదిక మీదా కిందా కూర్చున్న పెద్దలకు, ఆరోగ్య శాఖ మిత్రులకు, గాంధారి మండలం నుంచి ఆటోలు కట్టుకుని వచ్చిన తండా వాళ్లకు, మెడ నిండా దండలతో ఊపిరాడక కూర్చున్న మా దేవన్నకు, ఆయన భార్య భూదేవమ్మ గారికి నమస్కారం. పిలుపు లేకపోయినా పొద్దు గూకగానే హాల్లోకి వచ్చేసిన దోమలకు కూడా నమస్కారం. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ తమ వెంట పడిన మనిషి ఇవాళ్టితో రిటైరవుతున్నాడని వాటికి ఎవరో చెప్పినట్టున్నారు. (నవ్వులు)

నాకన్నా ముందు మాట్లాడిన పెద్దలు దేవన్నను కర్మయోగి అన్నారు, నిస్వార్థ సేవకుడు అన్నారు, అజాతశత్రువు అన్నారు. నేను పేపరు మనిషిని. చోటు చాలనప్పుడు మా డెస్కు వాళ్లు మొదట కోసేసేవి ఈ మాటలనే. పైగా అజాతశత్రువు అన్నది వాస్తవం కాదు. దేవన్నతో మాట్లాడని వాళ్ల పేర్లు నేను ఇప్పుడే చెప్పగలను, వాళ్లలో ఇద్దరు ఈ హాల్లో భోజనాలకు దగ్గరగా కూర్చున్నారు. (నవ్వులు) కాబట్టి పొగడ్తలు ఆ పెద్దలకే వదిలేసి, నా కళ్లతో చూసిన ఒక్క సంగతి చెప్పి దిగిపోతాను.

చెప్పే ముందు ఇంకొక మాట. ఇందాక గేటు దగ్గర తండా నాయకుడు లింబ్యా నన్ను పట్టుకున్నాడు. "సారూ, మైకు నీ చేతికొస్తది గద. మా దిక్కుకెల్లి ఒక్కటి అడుగు. గోడలు ఆరినంక ఎవరొస్తరు?" అన్నాడు. అంతే అన్నాడు. లింబ్యా, నీ ప్రశ్న నా జేబులో ఉంది. అయితే అది అందరికీ అర్థం కావాలంటే పోయిన ఏడాది జరిగింది చెప్పాలి. చెప్పాక అడుగుతాను. అడక్కుండా దిగితే నన్ను మెట్ల మీదే ఆపు.

పోయిన ఏడాది జూలైలో వార్తా ఏజెన్సీ నుంచి ఒక వార్త వచ్చింది. అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు దోమను చంపకుండా మలేరియాను ఆపే దారి వెతుకుతున్నారు. దోమ కడుపులో మామూలుగానే బ్యాక్టీరియా ఉంటుంది. ఆ బ్యాక్టీరియాను వాళ్లు మార్చారు. మార్చిన బ్యాక్టీరియా దోమ కడుపులో ఒక పదార్థాన్ని వదులుతుంది, దాంతో మలేరియా క్రిమి అక్కడ పెరగలేకపోతుంది. దోమ బతికే ఉంటుంది, కుడుతుంది కూడా, కాని జ్వరం అంటించదు. ప్రయోగశాలలో ఆ క్రిములు నూటికి తొంభై ఎనిమిది వంతుల దాకా తగ్గాయట. ఈ బ్యాక్టీరియాను దోమకు తాపించడం ఎలాగంటే, చక్కెర నీళ్లలో కలిపి, దూదిలో నానబెట్టి పెడతారు. దోమలు వచ్చి పీల్చుకుంటాయి. ముందు ముందు ఊళ్ల చుట్టూ కుండల్లో ఇలా పెట్టవచ్చునని వాళ్ల ఆలోచన.

మన దగ్గర వానాకాలం జ్వరాల కాలం కాబట్టి ఆ వార్తను కామారెడ్డి పేజీలో కాస్త వివరంగా వేశాం. చివరి వాక్యం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు: "ఇది ఇంకా ప్రయోగశాల దాటి బయటకు రాలేదు, ఊళ్లలోకి రావడానికి ఏళ్లు పట్టవచ్చు." ఆ వాక్యం అచ్చయింది. ఎవరూ కోయలేదు. అయినా తండాకు చేరలేదు. ఎందుకు చేరలేదో హరిలాల్ చెప్పాలి.

హరిలాల్ లింబ్యా కొడుకు. కామారెడ్డి, గాంధారి మధ్య ఆటో నడుపుతాడు. మన దగ్గర ఆటో నిండితేనే కదులుతుందని మీకు తెలుసు. నిండేదాకా హరిలాల్ పేపరు పైకి చదువుతాడు, ఎక్కినవాళ్లు వింటారు. అది ఆయన ఆటోలో ఉచిత సౌకర్యం. ఆ రోజు కూడా చదివాడు. దోమ, కడుపు, బ్యాక్టీరియా, చక్కెర నీళ్లు, దూది, కుండ దాకా వచ్చాడు. ఇంతలో చివరి మనిషి ఎక్కాడు. ఆటో నిండింది, వార్త ఆగింది. పేపరు మడిచి సీటు కింద పెట్టి బండి తీశాడు. (నవ్వులు) నవ్వకండి. కుండ దాకా విన్న వార్తతో ఆ రోజు ఆ ఆటో నిండా మనుషులు తండాకు చేరారు.

పది రోజుల తర్వాత దేవన్న ఫోను.

"తమ్మీ, నీ దోమలు నా కొంప ముంచినయి. ఉన్నపళంగ రా."

"నా దోమలేంటన్నా?"

"నువ్వు పేపర్ల పెంచినవి."

దేవన్న బండి వెనక కూర్చుని నేను తండాకు వెళ్లేసరికి, గోడలకు దోమల మందు కొట్టే కూలీలు పంపులు కింద పెట్టుకుని బీడీలు తాగుతున్నారు. తండాలో ప్రతి చూరుకూ ఒక గురిగి, అంటే చిన్న మట్టి కుండ, వేలాడుతోంది. పశువుల కొట్టాల దగ్గర, కంచెల మీద, బోరింగు పక్కన, ఎక్కడ చూసినా గురుగులే. ఒక్కో గురిగిలో బెల్లం నీళ్లు, దూది.

నేను లింబ్యాను అడిగాను: "ఇదేంటి నాయక్?"

"ఏం లేదు సారూ. అలవాటు చేస్తున్నం."

"ఎవరికి?"

"దోమలకు."

లింబ్యా, తప్పు చెబితే ఆపు. నువ్వు అన్న మాటలు ఇవి: "కొత్త ఎద్దుకు మందు తాపాలంటే ఏం జేస్తం సారూ? ముందుగాల నాలుగు దినాలు ఒట్టి తవుడు, బెల్లం పెడతం. మూతి అలవాటైనంక దాంట్లనే మందు కలుపుతం. ఒకటేసారి పెడితే ముడుతదా? దోమ గూడ ప్రాణమే గద. మీ పురుగు వచ్చేవరకు గురిగి అలవాటైతే, ఇగ కలుపుడే ఉంటది."

నేను చాలామంది మంత్రుల ప్రెస్‌మీట్లకు వెళ్లాను. ఇంత తిరుగులేని వాదన ఎక్కడా వినలేదు. లోటల్లా ఒక్కటే, కలపాల్సిన మందు సముద్రాల అవతల ఉంది.

దేవన్న నడుము మీద చేతులు పెట్టుకుని అడిగాడు: "బాగనే ఉన్నది. మరి నా మందేం పాపం జేసింది? గోడలకు ఎందుకు కొట్టనిస్తలేవు?"

"నువ్వు మందు గొడితే అలవాటైన దోమలు సస్తయి దేవన్నా. మల్ల కొత్తయాటికి మొదటికెల్లి నేర్పాలె."

(నవ్వులు. సభ కొంతసేపు ఆగింది.)

ఇప్పుడు నవ్వుకుంటున్నాం. ఆ రోజు దేవన్న నవ్వలేదు. ఎందుకంటే లింబ్యా ఇంటి గుమ్మంలో సునీల నిలబడి ఉంది. సునీల హరిలాల్ భార్య, లింబ్యా కోడలు. అంతకు ముందు ఏడాది వానాకాలంలో ఆమెకు మలేరియా వచ్చి, కడుపులో బిడ్డ పోయింది. ఆ రోజు ఆమెకు మళ్లీ ఆరో నెల. తండాలో అప్పుడే ఇద్దరికి చలిజ్వరం మొదలైంది. దేవన్న కళ్లు లింబ్యాతో మాట్లాడుతున్నంతసేపూ ఆ గుమ్మం వైపే పోతున్నాయి. ఇది నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

వార్త రాసినవాణ్ని కాబట్టి నేనే ముందుకు వచ్చాను. ఆ బ్యాక్టీరియా ఇంకా ప్రయోగశాలలోనే ఉంది, ఎప్పుడు వస్తుందో అక్కడి వాళ్లకే తెలియదు, ఆ సంగతి చివర్లో రాశాను అని చెప్పాను. హరిలాల్ తల గోక్కున్నాడు: "ఆ లైను దాంక రాలే సారూ. ఆటో నిండింది."

లింబ్యా నా వైపు తిరిగాడు: "అమెరికాల పొయ్యి మీద ఎసరు పెట్టిన్రని చెప్తే మేమిక్కడ ఇస్తర్లు పరిచినం. ఇంక ఉడకలేదని మొదలే చెప్పాలె గద సారూ?"

ఎడిటర్లు కూడా నాకు ఇంత సూటిగా చెప్పలేదు. అప్పటి నుంచి ఇలాంటి వార్తల్లో 'ఇంకా ఉడకలేదు' అన్న మాట మొదటి వాక్యంలోనే పెడుతున్నాను.

దేవన్న వాదించలేదు. అక్కడున్న నులక మంచం మీద కూర్చుని, సంబంధం మాట్లాడ్డానికి వచ్చినవాడిలా తీరుబడిగా అడిగాడు: "సరే నాయక్. ఇప్పటిదాంక ఎవరెవరు తాగిన్రు?"

"చీమలు తాగినయి. తేనెటీగలు తాగినయి. మొన్న గుట్ట మీది గుడ్డెలుగు దిగొచ్చి మూడు గురుగులు పలగ్గొట్టి మరీ తాగింది."

"దోమలు?"

"అవి ఇంక సిగ్గుపడుతున్నయి."

వెనక నుంచి లింబ్యా భార్య పార్వతిబాయి అందుకుంది: "దోమలకు బెల్లం పెడుతడు. కోడలు చాయ్‌ల బెల్లమడిగితే అయిపోయిందంటడు. అడుగు దేవన్నా, జెర అడుగు."

(నవ్వులు. పార్వతిబాయి గారు తన కుర్చీలోంచి "నిజమే గద" అన్నారు.)

దేవన్న లేచి కంచె మీద గురిగి ఒకటి దించాడు. నాలుగు రోజుల నుంచి వానలు. బెల్లం నీళ్లు ఎప్పుడో పొంగిపోయి, గురిగి నిండా వాన నీళ్లే. పార్వతిబాయిని తెల్లటి పళ్లెం అడిగి, అందులో వొంపాడు. సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ కనిపించాయి. దోమ పిల్లలు.

"అలవాటైనయి నాయక్," అన్నాడు దేవన్న. "తాగనీకి గాదు, కాన్పుకు."

ఎవరూ నవ్వలేదు. ఆ మాట అన్నాక దేవన్న కూడా నాలుక కరుచుకున్నాడు. పార్వతిబాయి పళ్లెంలోకి చూసింది, గుమ్మంలో నిలబడ్డ కోడలి వైపు చూసింది. తర్వాత లంబాడీలో ఒకటే మాట అంది. అదేమిటో నాకు తెలియదు గాని, లింబ్యా నాయక్ తన చూరు గురిగి తానే దించాడు. చూస్తుండగానే తండా అంతా దించేసింది.

దేవన్న కూలీలకు సైగ చేశాడు. వాళ్లు బీడీలు పారేసి పంపులు ఎత్తుకున్నారు. కథ ఇక్కడ ముగిసి ఉంటే నేను ఇవాళ మాట్లాడవలసిన పని లేదు.

పార్వతిబాయి పళ్లెం కడుగుతూ అంది: "కొట్టు దేవన్నా, కొట్టు. ఎట్లైతే ఏంది, వచ్చే వారం తీజే గద."

"తీజ్ అయితే ఏంది?"

"ఏందంటవేంది? తీజ్‌కు గోడలు పూయమా? ఏడాదేడాది నువ్వు కొట్టిపోతవు, మేం ఎర్రమన్ను, పేడ కలిపి పూస్తం. గోడల మీద నీ మందు మరకలుంటె మా పిల్లలు గోధుమ బుట్టలు ఏడ పెట్టుకోవాలె?"

తీజ్ తెలియని మిత్రుల కోసం చెబుతున్నాను. శ్రావణంలో తండాల్లో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, నీళ్లు పోసి మొలిపిస్తారు. వాటి చుట్టూ పాడతారు, ఆడతారు. ఆ పండగకు ముందు ప్రతి ఇంటి గోడా కొత్త పూత వేసుకుంటుంది. ఇక దేవన్న మందు సంగతి. కొట్టిన మందు గోడ మీద ఆరి నిలవాలి. దోమ మనిషిని కుట్టాక ఆ గోడ మీద వాలాలి, అప్పుడు చస్తుంది. మందు మీద పేడ పూస్తే దోమ పేడ మీద వాలుతుంది, హాయిగా లేచిపోతుంది.

ఏటా ఆ తండాకు షెడ్యూలు తీజ్‌కు ముందే పడుతుంది. ఏటా దేవన్న కొట్టించాడు. ఏటా జ్వరాలు వచ్చాయి. ఏటా ఆయన పైవాళ్లకు రాశాడు, దోమలకు ఈ మందు పనిచేయడం మానేసినట్టుంది, మార్చండి అని.

దేవన్న పంపు మీదే కూలబడ్డాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. టోపీ కింద పడేదాకా నవ్వాడు.

"ఇన్నేండ్ల సంది దోమకు మందు కొడుతున్ననుకున్న తమ్మీ. నేను కొట్టింది పేడ కింది గోడకు! మరి ఒక్కనాడన్న చెప్పలేదేంది అవ్వా?"

"నువ్వు అడిగినవా?" అంది పార్వతిబాయి. "నీ మందు ఏం జేస్తదో నువ్వెన్నడన్న చెప్పినవా? ఫుస్సుమని కొడితివి, తలుపు మీద తేదీ రాస్తివి, పోతివి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. లెక్క సరిపోయింది.

అక్కడే నిలబడి ఒప్పందం కుదుర్చుకున్నారు. దేవన్న అప్పుడు మందు కొట్టడు. తీజ్ అయ్యాక, పూత ఆరాక కొడతాడు. తండా వాళ్లు దీపావళి దాకా గోడ ముట్టరు. అప్పటిదాకా సునీల దోమతెరలోనే పడుకోవాలి, ఒళ్లు వెచ్చబడితే వెంటనే రక్తపరీక్ష, ఆ బాధ్యత అత్తది. లింబ్యా తన తరఫున ఒక్క షరతు పెట్టాడు: దేవన్న తీజ్‌కు రావాలి. వెళ్లాడు. ఆడాడు కూడా. ఫోటో నా దగ్గర ఉంది, భూదేవమ్మ గారు అడిగితే ఇస్తాను. (నవ్వులు)

కూలీలను దేవన్న ఆ రోజే రామారెడ్డి గ్రామం వైపు పంపి, తండాను ఆఖరుకు మార్చాడు. షెడ్యూలు మార్చే అధికారం ఆయనకు లేదు. మార్చినట్టు తన చేత్తోనే రాసి పంపాడు. మెమో వచ్చింది. షెడ్యూలు ప్రకారం తండాలో ఎందుకు పిచికారీ చేయలేదో సంజాయిషీ ఇవ్వమన్నారు. రిటైర్మెంటు ముంగిట మెమో అంటే ఏమిటో ఇక్కడున్న ఉద్యోగులకు చెప్పనక్కర్లేదు. భూదేవమ్మ గారు ఆ వారమంతా ఆయనతో మాట్లాడలేదని విన్నాను. దేవన్న సంజాయిషీని నేను చదివాను. నా వృత్తిలో అంత పొదుపైన వాక్యాలు నేను రాయలేదు: "గోడలు తడిగా ఉన్నాయి. ఆరిన తర్వాత కొట్టాను." మెమో ఇచ్చిన అధికారి ఇప్పుడు వేరే జిల్లాలో ఉన్నారు, మంచి మనిషి. చదివి, ఒక రోజు ఆలోచించి, ఫైలు మూసేశారట.

ఆ వానాకాలం తండాలో అప్పటికే జ్వరం పడ్డ ఇద్దరూ మాత్రలతో కోలుకున్నారు. మందు కొట్టాక తీసిన రక్తపరీక్షల్లో ఒక్కరికీ మలేరియా తేలలేదు. ఇది వాస్తవం. దీని వల్లే తేలలేదు అనడం మాత్రం వాస్తవం కాదు. ఆ తర్వాత వానలు తగ్గాయి, దోమతెరలు కట్టుకున్నారు, గురుగులు దించారు. నేను వార్త రాస్తానని వెళ్తే దేవన్నే ఆపాడు. "రాయకు తమ్మీ. ఒక్క ఏడు చూసి చెప్పేది ముచ్చట అయితది, రుజువు గాదు. ఇంకో ఏడు గూడ ఆరినంక కొడదాం, చూద్దాం." అందుకే ఆ వార్త రాయలేదు. ఇవాళ చెబుతున్నాను.

దీపావళికి రెండు రోజుల ముందు సునీలకు ఆడపిల్ల పుట్టింది. పేరు ప్రియాంక. మూడో వరుసలో, దేవన్నకు తెచ్చిన దండలో బంతిపువ్వును నములుతున్నది ఆ అమ్మాయే. (చప్పట్లు) చప్పట్లు ఆపండి, భయపడుతోంది.

పోయిన వారం దేవన్నను అడిగాను. అన్నా, ఆ అమెరికా బ్యాక్టీరియా ఎప్పటికైనా వస్తుందంటావా? "రావాలె తమ్మీ. వస్తే మొదటి గురిగి నేనే కడత. గాని ఆ పురుగు నడుసుకుంట రాదు గద. దాన్ని గూడ ఎవరో ఒకరు తండాకు మోసుకపోవాలె. పోయినోడు, తీజ్ ఎప్పుడని అడగాలె." లింబ్యా ఇంటి చూరుకు ఒక గురిగి ఇప్పటికీ ఉంది. బోర్లించి కట్టాడు, నీళ్లు నిలవకుండా. అది ఆ పురుగు కోసం. నేను కనపడితే చాలు, ఎంత దూరమొచ్చిందని అడుగుతాడు. ఇంకా ఉడకలేదు నాయక్.

దేవన్నా, నేను నీ గురించి ఎక్కువ మాట్లాడను. కాని ఒక్కటి చెప్పుకోనివ్వు. పొద్దున్నే ఫోన్ చేసి, నా జ్వరాల వార్తలో తప్పు చదివి వినిపించి, తిట్టి, చాయ్ తాగినవా అని అడిగి పెట్టేసే మనిషి నాకు ఇంకొకరు లేరు. ఉద్యోగం అయిపోయినా ఫోను అయిపోలేదని గుర్తుంచుకో.

ఇప్పుడు జేబులో ప్రశ్న. ఈ ఏడు తీజ్ మొన్ననే ముగిసింది. మాటిచ్చినట్టే తండా ఈసారీ మందును ఆఖరుకు పెట్టించుకుంది. గోడల పూత ఇంకా పచ్చిగా ఉంది. అది ఆరేసరికి దేవన్న ఉద్యోగంలో ఉండడు. ఆయన కుర్చీలోకి ఇంకా ఎవరినీ వేయలేదు. సునీల మళ్లీ దోమతెర కట్టుకుంది, ఈసారి పిల్ల కోసం. అధ్యక్షురాలు త్రివేణి గారూ, తండా తరఫున అడుగుతున్నాను. గోడలు ఆరినంక ఎవరొస్తరు?

(త్రివేణి గారు మైకు అందుకున్నారు. "సోమవారం పొద్దున నేనే వస్త. పంపులు బండిల ఎక్కించే ఉన్నయి, మా డ్రైవరు యాకూబు నడుపుతడు. షెడ్యూలు మారుస్తూ నిన్ననే సంతకం పెట్టిన. మెమో వస్తే ఏం రాయాలెనో దేవన్న దగ్గర నేర్చుకున్న." నవ్వులు, చప్పట్లు.)

(లింబ్యా లేచి నిలబడ్డాడు. "మరి నువ్వు రావా దేవన్నా?")

(దేవన్న దండలు తీసి పక్కన పెట్టారు. "వస్త నాయక్. పంపు ముట్ట, అది ఇగ నాది గాదు. గోడ ముట్టి చూస్త. ఆరిందని నేనంటెనే డాక్టరమ్మ కొట్టిస్తది.")

విన్నారు కదా. నేను రాసుకొచ్చిన ముగింపు కంటే ఇది మెరుగ్గా ఉంది కాబట్టి దాన్ని నేనే కోసేస్తున్నాను. ఇంతసేపు ఓపికగా విన్న మీకు, అడగగానే బదులిచ్చిన త్రివేణి గారికి, ఈ మనిషిని ఇన్నాళ్లు మాకు వదిలిపెట్టిన భూదేవమ్మ గారికి కృతజ్ఞతలు. హరిలాల్, వెళ్లేటప్పుడు ఈ సంగతి ఆటోలో చెప్పు. నిండినా సరే, చివరి లైను అయ్యేదాకా బండి తీయకు. చివరి లైను ఇది: సోమవారం, గోడ ముట్టి చూశాకే.

సెలవు.